ఒంటిచేతి బండి

ఫొటోలో స్టీరింగు చక్రం సగం పాతగా, సగం కొత్తగా ఉంది.

సర్వేయరు ఆ ఫొటోని రెండు వేళ్ళతో లాగి పెద్దది చేశాడు. ఎడమవైపు తోలు అరిగి నున్నగా మెరుస్తోంది. కుడివైపు తోలు మాత్రం కుట్టు కుట్టూ విడిగా కనిపించేంత తాజాగా ఉంది. ఒకే చక్రానికి రెండు వయసులుండవు. ఉన్నాయంటే ఎవరో మార్చారు. మార్చారంటే అంతకుముందు ఏదో విరిగింది. విరిగిందంటే బండి ఎక్కడో గుద్దుకుంది. ఇలా మెట్టు మెట్టుగా అనుమానం వెంట దిగుతూ పోవడమే అతని ఉద్యోగం. గుద్దుకున్న బళ్ళు రిపేరు షెడ్డుకి వచ్చినప్పుడు ఇన్సూరెన్సు కంపెనీ తరఫున వెళ్ళి, నిజంగా ఎంత పాడైంది, ఎంత పాడైందని చెబుతున్నారు అన్నది తేల్చి రాయాలి. షెడ్లలో అతన్ని వెనకాల భూతద్దం అంటారు. ఆ మాట చెవిన పడ్డప్పుడు అతను నొచ్చుకోలేదు సరికదా, పాత బళ్ళని ఆన్‌లైన్‌లో వేలం వేసే ఈ సైట్లో చేరేటప్పుడు అదే పేరు పెట్టుకున్నాడు.

బండి మాత్రం కన్ను తిప్పుకోనివ్వడం లేదు. రెండే సీట్లు, పొడుగాటి ముక్కు, మడిచి వెనక్కి తోసెయ్యగల గుడ్డ టాపు, ముదురాకుపచ్చ రంగు. కాలేజీ రోజుల్లో ఇలాంటి బండి ఒకటి పక్కనుంచి వెళితే, అది మలుపు తిరిగాక కూడా చాలాసేపు రోడ్డు వైపే చూస్తూ నిలబడిపోయేవాడు. ఇన్నేళ్ళుగా ఆ రకం బళ్ళని నుజ్జయ్యాకే దగ్గర నుంచి చూశాడు. అందుకే ఈ వేలం కనిపించగానే, బస్సు సీటు మీద కర్చీఫు వేసినట్టు, ఒక చిన్న పాట పాడి పెట్టాడు. నిదానంగా ఫొటోలు చూడటం ఆ తర్వాత మొదలుపెట్టాడు.

ఫొటోల కింద అమ్మేవాళ్ళు రాసింది నాలుగు ముక్కలే. 'ఇన్నేళ్ళూ ఒంటిచేత్తో నడిచిన బండి. ఇంజను బాగుంది. టాపు గట్టి వానకి కారుతుంది. చూడాలంటే శనివారం రండి.' దాని కిందే రిజిస్ట్రేషన్ కాగితం ఫొటో ఉంది. అందులో ఒకదాని కింద ఒకటి మూడు పేర్లున్నాయి.

ఆ రోజు పని మీద వచ్చిన షెడ్డులో, అతను ఎదురుగా ఉన్న మేస్త్రీని పిలిచాడు. మేస్త్రీ ఒక తెల్ల బండి ముందు భాగం విప్పి, రేడియేటరు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుంటున్నాడు.

"ఒంటిచేత్తో నడిచిన బండి అంటే ఏంటి?"

"ఒకే ఓనరు సార్. చెయ్యి మారలేదని." మేస్త్రీ గుడ్డ భుజాన వేసుకున్నాడు. "అంటే కనీసం ఇద్దరి దగ్గర నడిచిందని మనం అనుకోవాలి."

"ఇక్కడ ముగ్గురున్నారు."

"అయితే నిజాయితీపరులే సార్. కాగితం కూడా పెట్టారు కదా."

మేస్త్రీ నవ్వాడు గానీ సర్వేయరు నవ్వలేదు. అతను ఆ తెల్ల బండి బంపరు దగ్గర కూర్చుని, గీతలో ఇరుక్కున్న పసుపు పెయింటు పొడిని గోటితో గీకి కాగితంలో పొట్లం కట్టాడు. ఆవు అడ్డొచ్చి గుద్దుకుందని ఓనరు రాసిచ్చాడు. పసుపు పెయింటు వేసుకుని తిరిగే ఆవుని అతను ఇంతవరకూ చూడలేదు. మనుషులు అబద్ధాలాడతారు, బళ్ళు ఆడవు అని అతని గట్టి నమ్మకం.

షెడ్డులోనే నిలబడి, సైట్లో అందరికీ కనిపించే చోట రాశాడు. 'ఒకే చేతి బండి అంటున్నారు. కాగితంలో మూడు పేర్లున్నాయి. స్టీరింగు సగం మార్చినట్టుంది. ఎప్పుడు, ఎక్కడ గుద్దుకుందో చెప్పగలరా?'

సాయంత్రానికి జవాబు వచ్చింది. 'రాసింది రాసినట్టే చదవండి.'

అంతే. మర్యాద లేదు, వివరం లేదు. ఆ పొగరుతో మిగిలినవాళ్ళకీ అనుమానం అంటుకుంది. అప్పటిదాకా అతనితో పోటీగా పాడుతున్న గేరుపురుగు అనే పేరుగల మనిషి, 'మంచి కన్ను, భూతద్దం గారూ. నేను తప్పుకుంటున్నా' అని రాశాడు. ఇంకెవరో వచ్చి అడుగున రేకు తుప్పు పట్టి ఉంటుందన్నారు. మరొకరు మీటరు కూడా వెనక్కి తిప్పి ఉంటారన్నారు. పాట అక్కడితో ఆగిపోయింది. ఆగింది అతని పేరు మీదే.

మర్నాడు పొద్దున భార్య డబ్బా సర్దుకుంటూ ఇదంతా విన్నది. ఆవిడ మందుల షాపులో ఫార్మసిస్టు.

"రాసింది రాసినట్టే చదవమన్నారా? మా షాపులో అలా చదివితే మనుషులు పోతారు. డాక్టరు ఏం రాద్దామనుకున్నాడో అది చదవాలి." మూత బిగించి అతని వైపు చూసింది. "ఇంతకీ మీరు కొందామనుకుంటున్న బండిని మీరే ఎందుకు తిట్టారు? బేరానికా?"

"నిజం తెలియాలి కదా."

"నిజం కోసమైతే ఫోన్ చేసి అడగచ్చు. పదిమందిలో అడిగితే పాట ఆగిపోతుందని మీకు తెలీదా?"

"నాకా ఆలోచనే లేదు."

"సరే, లేదు," అంది భార్య, షాపులో చిల్లర లేదన్నవాళ్ళని నమ్మినట్టు నమ్మి.

ఆ మాట అతనికి రోజంతా చొక్కాలో గడ్డిపరకలా గుచ్చుకుంటూనే ఉంది. నిజంగానే ఆ ఆలోచన లేదా? మధ్యాహ్నం ఫోను తీసి చూశాడు. పాట కదల్లేదు. తక్కువలో తక్కువ ఇంతకైతేనే అమ్ముతామన్న హద్దు కూడా అమ్మేవాళ్ళు పెట్టలేదు. అంటే ఇదే పాట మీద బండి అతనికి వచ్చేస్తుంది. ముందు సంతోషం వేసింది. ఆ వెంటనే, ఇంత తేలిగ్గా వస్తోందంటే ఇందులో ఏదో ఉండే ఉంటుందనిపించింది.

శనివారం అతను వెళ్ళేసరికి, నాలుగంతస్తుల ఇంటి కింద వరసగా ఉన్న కార్ల షెడ్లలో చివరిది తెరిచే ఉంది. లోపల బండి మీద కప్పిన దుప్పటి సగం తీసి ఉంది. పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు, వదులు కోటుతో ఒక పెద్దావిడ గోడవారగా స్టూలు మీద కూర్చుంది. అతన్ని చూసి లేచింది. కుడిచెయ్యి కోటు జేబులోంచి తియ్యలేదు.

"చూసుకోండి. మీరు తప్ప ఇంకెవరూ వచ్చేలా లేరు."

అతను సంచీలోంచి టార్చి, అయస్కాంతం, రంగు మందం కొలిచే మిషను తీశాడు. ఆవిడ వాటిని ఆసక్తిగా చూసింది. అతను ఆవిడ జేబుని చూశాడు. ఆ చేతిలో ఏం పట్టుకుందో, ఎందుకు దాస్తోందో అనుకున్నాడు.

తలుపులు, డిక్కీ, చక్రాల మీది రేకులు, అన్నిచోట్లా మిషను పెట్టాడు. రంగు ఎక్కడ చూసినా ఒకే మందం. కింద అట్ట పరుచుకుని దూరాడు. అతుకులు లేవు, తుప్పు లేదు, కంపెనీ కొట్టిన ముద్రలు అలాగే ఉన్నాయి. ఇలాంటి బండి చూసినవాడు సంబరపడాలి. అతనికి మాత్రం అసహనం పెరిగింది. దొంగ దొరకని పోలీసులా బయటికొచ్చి లోపలి భాగం మీద పడ్డాడు. డ్రైవరు తలుపు లోపలివైపు, గడియ పైన, ఉండకూడని చోట అడ్డంగా గీతలున్నాయి. తాళం తిప్పే చోట కూడా ఎడమ పక్కనుంచి వచ్చిన గీతలు. చక్రం కింది అంచున తోలు పలచబడిపోయింది. చక్రం మీద ఒకచోట ఏదో బిగించి తీసేసిన నొక్కు. అతను ఆ నొక్కు మీద వేలు పెట్టాడు.

"ఇక్కడ ఏదో ఉండేది. తీసేశారు."

"అవును."

"ఎందుకు తీశారు?"

"ఫొటోలో బాగుండదని. ముందు అరలో ఉంది చూడండి."

అతను అర తెరిచాడు. చిన్న బొంగరం లాంటి చెక్క పిడి, దానికి ఇనప పట్టీ. ఏం చేసేదో అర్థం కాక అటూ ఇటూ తిప్పాడు.

"దాన్ని చక్రానికి బిగించి ఆ పక్క సీట్లో కూర్చోండి. నడిచే బండిని నిలబెట్టి ఎంతసేపు చూస్తారు?"

అతను పిడి బిగించి పక్క సీట్లో కూర్చున్నాడు. ఆవిడ ఎడమచేత్తో తలుపు తీసి ఎక్కింది. ఎడమచేతిని ఒంటికి అడ్డంగా చాచి తలుపు వేసుకుంది. వేలి ఉంగరం ఆ గీతల మీదుగానే వెళ్ళింది. తర్వాత ఎడమచేత్తోనే కుడిచేతిని జేబులోంచి తీసి, చేతిసంచీ పెట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుంది. సన్నగా, ముడుచుకుపోయి, వేళ్ళు కదలని చెయ్యి.

సర్వేయరు సంచీలో టార్చి సర్దుకోవడం మొదలుపెట్టాడు. టార్చి అప్పటికే సర్దే ఉంది.

"పుట్టినప్పట్నుంచీ ఇంతే," అంది ఆవిడ, అడ్డంగా వంగి తాళం తిప్పుతూ. "ఒంటిచేత్తో అని రాశాను కదా."

"బళ్ళవాళ్ళలో ఆ మాటకి ఒకే ఓనరని అర్థమండీ. చెయ్యి మారలేదని."

ఆవిడ తాళం మీద చెయ్యి అలాగే ఉంచి ఒక నిమిషం ఆలోచించింది. తర్వాత భుజాలు కదిలేలా నవ్వింది.

"చేతులు మారడం. అదొకటుంది కదా, నాకు తట్టనే లేదు. జీవితమంతా ప్రెస్సులో ప్రూఫులు దిద్దానండీ. పక్కవాళ్ళ వాక్యంలో ఇంకో అర్థం వస్తే ఎర్రసిరా పెట్టేదాన్ని. నా వాక్యాన్ని నేనే వదిలేశాను." బండి స్టార్టయింది. "మా పెదనాన్న కొన్నాడు. అన్నయ్య చేతికి వచ్చింది. ఆనక నాకు. ముగ్గురి పేర్లూ ఉన్నాయి కాగితంలో."

వీధిలోకి వచ్చాక ఆవిడ పిడి పట్టుకుని చక్రం తిప్పుతుంటే, మలుపులో బండి ఎక్కడా తడబడలేదు. గేరు మార్చాల్సి వచ్చినప్పుడు మోకాలు పైకెత్తి చక్రం అడుగున ఆనించి, చెయ్యి వదిలి గేరు వేసి, మళ్ళీ పిడి అందుకుంది. మొదటిసారి సర్వేయరు సీటు అంచు పట్టుకున్నాడు. రెండోసారి ఆవిడ మోకాలి వైపు చూశాడు. చక్రం కింది అంచు ఎందుకు అరిగిందో, కుడిసగం ఎందుకు అరగలేదో ఇంక ఎవర్నీ అడగక్కర్లేదు. బళ్ళు అబద్ధమాడవు. అది నిజమే గానీ, అవి చెప్పింది అతను సరిగ్గా వినలేదు.

అయినా అలవాటు ఎక్కడికి పోతుంది?

"ఎప్పుడూ దేనికీ గుద్దుకోలేదా?" అని అడిగాడు.

"ఒకసారి బంపరు గేటుకి రాసుకుంది. అన్నయ్య నడిపినప్పుడు. రెండు చేతులతో."

మూడో మలుపు దగ్గర గేరు వేస్తూ ఆవిడ పెదవి కరుచుకుంది. "ఇదిగో, ఇందుకే అమ్మేది. భుజం అరిగిపోయింది. రెండో గేరు దగ్గర పట్టేస్తోంది. ఆటోమేటిక్ బండి ఒకటి చూసి పెట్టుకున్నాను, చిన్నది. దీనికి సరైన పాట వస్తే అది కొనుక్కుంటాను. రాకపోతే అన్నయ్య డ్రైవరుకి ఎప్పుడు తీరితే అప్పుడే నాకు బజారు, అప్పుడే నాకు లైబ్రరీ. అడుగు బయట పెట్టాలంటే ఒకళ్ళని అడగాలి."

"మరి చెయ్యి సంగతే రాసెయ్యచ్చు కదండీ? అందరికీ అర్థమయ్యేది."

"రాస్తే పాపం అంటారు. పాపం అనేవాళ్ళు రెండు రకాలు. ఒకడు జాలిపడి ఎక్కువ పాడి, నా పక్కన నిలబడి ఫొటో దిగుతానంటాడు. ఇంకొకడు ఒంటిచేత్తో నడిపింది కాబట్టి గేర్లు నాశనమై ఉంటాయంటాడు. ఇద్దరికీ అమ్మను." వేగం తగ్గించింది. "భూతద్దమని ఒకడున్నాడు చూశారా? వాడు ఆ ప్రశ్న వేసిన దగ్గర్నుంచి పాట కదిలితే ఒట్టు. పాడిందీ వాడే, పాడుచేసిందీ వాడే. అందర్నీ బెదరగొట్టి తక్కువకి కొట్టేద్దామని చూస్తున్నాడు. మీరూ పాడుతున్నారా?"

"చూస్తున్నానండీ," అన్నాడు సర్వేయరు. చెవులు వేడెక్కాయి. భార్య తప్ప తనని ఇలా అనుమానించినవాళ్ళు ఇంతవరకూ లేరు. ఎంత పద్ధతిగా అనుమానించిందో, ఒక్క మెట్టు కూడా తప్పలేదు.

ఎత్తు ఎక్కేముందు ఆవిడ అడిగింది. "గేరు మీరు వేస్తారా? నేను చెబుతాను."

ఆవిడ కాలు క్లచ్చి మీద, అతని కుడిచెయ్యి గేరు మీద. "ఇప్పుడు," అంది. అతను వేశాడు. కరకరమంది. "తొందర పడకండి. ఇప్పుడు." ఈసారి మెత్తగా పడింది. ఎత్తు ఎక్కి, దిగి, పొడుగాటి గోడ పక్కనుంచి వెళుతుండగా ఆవిడ చెప్పడం మానేసింది. ఇంజను గొంతు మారగానే అతని చెయ్యి దానంతటదే కదిలింది. ఆవిడ కాలూ అప్పుడే కదిలింది. ఆ రోడ్డు చివరిదాకా అతనికి ఏ అనుమానమూ రాలేదు. బండి నాకు కావాలి అని మాత్రం గట్టిగా అనిపించింది.

తిరుగుదారిలో అనుమానం మళ్ళీ వచ్చింది. ఇదంతా అమ్మకానికి ఆడిన నాటకమా? ఏడుపు మొహంతో, కట్టు కట్టుకున్న చేతులతో వచ్చినవాళ్ళని ఎంతమందిని చూడలేదు? కానీ ఆవిడ ఏడవలేదు. కొనమని కూడా అనలేదు. బండి ఆపి, తాళం తీసి, కుడిచేతిని మళ్ళీ జేబులో పెట్టుకుని, "దుప్పటి ఆ కొస పట్టుకోండి" అంది. ఇద్దరూ కలిసి కప్పారు.

ఇంటికొచ్చాక అతను సైట్లో రాశాడు. 'బండిని చూశాను, నడవడం కూడా చూశాను. ఎక్కడా గుద్దుకోలేదు. స్టీరింగు మార్చలేదు. నా ప్రశ్నే తప్పు. అమ్మేవారు రాసిన ప్రతి మాటా నిజం.' చెయ్యి సంగతి రాయలేదు. అది ఆవిడ రాయనిది.

అన్నం తినేలోపు గేరుపురుగు దిగాడు. 'మొన్న అబద్ధం, ఇవాళ నిజం. మధ్యలో ఏం ముట్టిందో, భూతద్దం గారూ?' ఇంకొకరు, 'ఈయన అమ్మేవాళ్ళ మనిషేనని నాకు మొదట్నుంచీ అనుమానం' అన్నారు. తుప్పు అన్నాయన తుప్పు మాట మళ్ళీ ఎత్తాడు. సర్వేయరు జవాబు రాయబోయి, చెరిపి, మళ్ళీ రాయబోయి ఫోను బల్ల మీద బోర్లా పెట్టేశాడు. ఏం రాసినా దొంగలాగే వినిపిస్తోంది. షెడ్లలో తన ఎదురుగా నిలబడి, 'నిజం సార్, నమ్మండి సార్' అన్న మనుషులు గుర్తొచ్చారు. వాళ్ళలో కొందరైనా నిజమే చెప్పి ఉంటారు.

ఆదివారం మధ్యాహ్నానికీ పాట అక్కడే ఉంది.

"ఊరుకుంటే మీకే వస్తుందిగా," అంది భార్య, ఎండిన బట్టలు మడతపెడుతూ.

"వస్తుంది."

"మరి ఆ మొహమేంటి?"

అతను ఆఫీసుకి రాసే పద్ధతిలో మనసులో ఒక్కొక్కటే వేసుకుంటూ పోయాడు. ఇంజను, రేకు, రంగు, అరిగిన తోలు, కారే టాపు. ఈ బండి ఇంకొకరిదైతే, సంతకం పెట్టి విలువ రాయమంటే, తను ఎంత రాస్తాడు? లెక్క తేలింది. ఇంతకు మించి పెట్టకూడదని భార్యా తనూ మొదట్లో అనుకున్న హద్దు దగ్గరే తేలింది.

భార్యకి చెప్పాడు. ఆవిడ చేతిలో చొక్కా అలాగే పట్టుకుని విన్నది.

"అంతా పెట్టెయ్యండి," అంది. "తక్కువకి కొంటే మీరు తిన్నగా ఉండరు. నన్ను ఎక్కించుకుని తిప్పినప్పుడల్లా ఆవిడ భుజం గురించి చెబుతారు. నేను వినలేను."

అతను సైటు తెరిచి తన పాట మీద తనే పాట పెంచాడు. 'పెద్ద పాట ఇప్పటికే మీది. అయినా పెంచుతారా?' అని అడిగింది సైటు. మిషను కూడా అనుమానిస్తోంది. 'అవును' నొక్కాడు.

ఇంక చాలు, బండి తనదే, ఆవిడకీ న్యాయం జరిగింది అనుకుని మంచినీళ్ళు తాగడానికి లేచాడు. గ్లాసు నిండేలోపు ఫోను మోగింది.

గేరుపురుగు రాశాడు. 'పోటీ లేకుండా తన పాట మీద తనే పాడేవాణ్ణి నేను చూళ్ళేదు. వట్టి పిచ్చివాడు కాదు. స్వయంగా వెళ్ళి చూసొచ్చాడు. ఆ బండిలో మనకి తెలియనిదేదో ఉంది.' దాని కిందే కొత్త పాట. గేరుపురుగుదే.

తర్వాత తుప్పు అన్నాయన పాడాడు. మీటరు తిప్పారన్నాయన పాడాడు. ఇంతకాలం ఎక్కడ ముడుచుకుని కూర్చున్నారో, పేరు తెలియనివాళ్ళు నలుగురైదుగురు పాడారు. అరుదైన ఇంజనని ఒకడు, ఎవరో గొప్పవాళ్ళ బండి అయి ఉంటుందని ఒకడు. మూడురోజులు పాటని తొక్కిపెట్టిన అనుమానమే ఇప్పుడు దాన్ని భుజాన వేసుకుని మెట్లెక్కుతోంది. సర్వేయరు హద్దు ఎప్పుడో దాటిపోయింది. ఒకసారి అతని వేలు తెర మీదికి వెళ్ళింది. భార్య అతని వైపు చూసింది. అతను వేలు వెనక్కి తీసుకున్నాడు. ఆ మెత్తగా పడిన గేరు అరచేతిలో ఇంకా తెలుస్తూనే ఉంది.

సాయంత్రం వేలం ముగిసింది. బండి గేరుపురుగుది.

కాసేపటికి అమ్మినావిడ దగ్గర్నుంచి మెసేజి వచ్చింది. 'భూతద్దం గారూ, నిన్న గేర్లు వేసింది మీరేనా?'

'నేనేనండీ. చెప్పాల్సింది. చెప్పలేకపోయాను.'

ఆవిడ జవాబు వీధి దీపాలు వెలిగిన తర్వాత వచ్చింది. 'జాలితో పెంచారా?'

'లేదండీ. అది బండి ఖరీదు.'

'అయితే సరే. ఆటోమేటిక్ వాళ్ళకి రేపే వస్తానని చెప్పాను. రెండో గేరు దగ్గర తొందర పడకూడదని ఆ కొత్తాయనకి చెబుతాను. మీకైతే చెప్పక్కర్లేకపోయేది.'

అతను ఆ చివరి వాక్యం రెండుసార్లు చదివాడు. రెండోసారి కళ్ళజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. భార్య మడత పెట్టిన బట్టలు అలమరలో పెట్టి వచ్చి పక్కన కూర్చుంది.

మళ్ళీ ఫోను మోగింది. ఈసారి గేరుపురుగు. అందరికీ కనిపించే చోట కాదు, విడిగా అతనికే రాశాడు.

'ఇంక బండి నాదైపోయింది కాబట్టి దాచక్కర్లేదు. నిజం చెప్పండి. దాంట్లో ఏం చూశారు? రేపు తెచ్చుకోగానే మొత్తం విప్పించి చూద్దామనుకుంటున్నా. ఎక్కడ వెతకమంటారు?'

సర్వేయరు ఒక్క క్షణం ఆలోచించి, అతనికి జవాబు రాశాడు.

'విప్పకండి. ఆవిడ రాసింది రాసినట్టే చదవండి.'